సూర్రావు కెమెరా బోణీ

ఫొటోగ్రఫీ కోర్సు చెప్పమని నన్ను అడిగిన రోజున, నాకు తీరిక లేదండీ అని ఒక్క మాట అనేసి ఉంటే బాగుండేది. అనలేదు. పైగా, ఇన్నాళ్లకి ఏలూరులో నా విలువ తెలిసినవాడు ఒకడు దొరికాడని సంబరపడ్డాను.

అడిగింది ఒక సేవాసంస్థ. కొల్లేటిలో చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టేసిన సంవత్సరం అది, 2006. చెరువుల మీద బతికే జనానికి ఉన్నట్టుండి పని లేకుండా పోయింది. వాళ్లకి ఏదో ఒక చేతిపని నేర్పాలని ఆ సంస్థ ఏలూరులో ముప్ఫై రోజుల కోర్సులు పెట్టింది. ఆడవాళ్లకి కుట్టుపని, మగవాళ్లకి మోటారు వైండింగు, ఎవరైనా రావచ్చంటూ పెళ్లి ఫొటోగ్రఫీ. పవర్‌పేటలో పాతికేళ్లుగా స్టూడియో నడుపుతున్నాను కాబట్టి ఆ మూడోది నా నెత్తిన పెట్టారు. అప్పటికే ఊళ్లో రెండు స్టూడియోలు డిజిటల్‌కి మారిపోయాయి. నా దగ్గర ఉన్నవి ఫిల్మ్ కెమెరాలు. నాకు వచ్చింది ఆ విద్యే కాబట్టి దాన్నే నేర్పాను. ఇంకో రెండేళ్లలో దాని పని అయిపోతుందని నాకు తెలియకపోలేదు. తెలిసే నేర్పాను. జీతం పుచ్చుకున్నాను.

నా బ్యాచ్‌లో పన్నెండు మంది. అందులో పదకొండు మంది ఇరవై దాటీ దాటని వాళ్లు. పన్నెండోవాడు సూర్రావు. అతనికి నలభై ఒక్కేళ్లు. కొల్లేటి లంకల్లో ఒక ఊరు అతనిది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. ఆ ఊరివాళ్లు ఇప్పటికీ నేను ఎదురుపడితే "బాగున్నారాండీ" అని ఎంతో మర్యాదగా పలకరిస్తారు. ఆ మర్యాద చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. అందులో సగం మంట నా మీద నాకే. ఆ సంగతి దాచడానికి ఇది రాయడం లేదు.

సూర్రావు పద్దెనిమిదేళ్లు ఒక పెద్ద రైతు చెరువు మీద పనిచేశాడు. మేత వేయడం, కాపలా కాయడం, పట్టుబడి రోజున వల లాగడం. గట్లు పోయాక చెరువుల ఆసాములు కోర్టులకి వెళ్లారు. చెరువుల మీద పనిచేసినవాళ్లు ఇళ్లకి వెళ్లారు. అతని భార్య దుర్గమ్మ రోజూ తెల్లవారి వ్యానెక్కి రొయ్యల షెడ్డుకి వెళ్లడం మొదలుపెట్టింది. సాయంత్రం దాకా నిలబడి ఐసు నీళ్లలో రొయ్యల తలలు తీసే పని. వేళ్ల చివర్లు నానిపోయి, పగిలి, పచ్చడి మెతుకులు కలుపుకుందామంటే కళ్లమ్మట నీళ్లు తిరిగేవి. ఈ కోర్సుకి ఎందుకొచ్చారని మొదటి రోజు అందరినీ వరసగా అడిగాను. ఒకడు స్టూడియో పెడతానన్నాడు, ఒకడు ఇష్టమన్నాడు. సూర్రావు లేచి నిలబడి, "మా ఇంటిదాని చేత ఆ షెడ్డు మానిపించాలండి" అన్నాడు. పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మూడో రోజున లెన్సులో రంధ్రం గురించీ షట్టర్ గురించీ చెప్పాను. ఎంత వెలుతురు లోపలికి రావాలో రంధ్రం చెబుతుంది, ఎంతసేపు రావాలో షట్టర్ చెబుతుంది అని బోర్డు మీద అంకెలు వేశాను. పదకొండు మంది తలూపారు కానీ ఎవరికీ ఎక్కలేదని మొహాలే చెప్పాయి. వెనక బెంచీలోంచి సూర్రావు, "తూములాంటిదన్నమాటండి. తలుపు ఎంత ఎత్తామన్నదీ చూసుకోవాలి, ఎంతసేపు ఎత్తి ఉంచామన్నదీ చూసుకోవాలి. రెండిట్లో ఏది తప్పినా చెరువు పాడేనండి" అన్నాడు. నేను సుద్దముక్క కింద పెట్టేశాను. పాతికేళ్లలో నాకు తట్టని మాట అది. ఆ తర్వాత ఆ విషయం పిల్లలకి నేను అతని మాటల్లోనే చెప్పాను.

అసలు కోర్సంతా ఒక్క నిమిషం కోసం. తాళి కట్టే నిమిషం. మిగతా ఏ ఫొటో పోయినా మళ్లీ నిలబెట్టి తీయవచ్చు, తాళి మళ్లీ కట్టమనలేం. అందుకని క్లాసులోనే పెళ్లి పెట్టించాను. నిస్సీ అనే అమ్మాయి పెళ్లికూతురు, ఇంకో కుర్రాడు పెళ్లికొడుకు, పసుపు రాసిన పురికొస తాళి. మూడు ముళ్లు పడేలోగా ఒక్కొక్కరూ ఒక ఫొటో తీయాలి. సూర్రావుకి మొదటి రెండుసార్లూ తప్పిపోయింది. ముందే నాలుగు ఫొటోలు తీసేయడంతో, అసలు వేళకి ఫ్లాష్ ఛార్జ్ కాక వెలగలేదు. మూడోసారి పక్కన ఎవరేం చేస్తున్నా కదలకుండా, ఒక్క ఫొటో కూడా తీయకుండా, ఫ్లాష్ సిద్ధమని చెప్పే దీపం ఎర్రగా వెలిగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. రెండో ముడి దగ్గర నొక్కాడు. ప్రింటు వచ్చాక చూస్తే, పురికొస పట్టుకున్న వేళ్లూ వంచిన మెడా రెండూ సూదిమొనంత స్పష్టంగా ఉన్నాయి. నిస్సీ ఆ ఫొటో తనకి కావాలని పట్టుకుపోయింది.

"ఆ ఒక్క నిమిషం పెళ్లికూతురికి ఎదురుగా నిలబడే హక్కు ఫొటోగ్రాఫర్‌కి తప్ప ఇంకెవరికీ లేదు. పిల్ల తండ్రి అడ్డొచ్చినా పక్కకి తప్పుకోమనవచ్చు" అని నేను గొప్పగా చెప్పాను. సూర్రావు ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

లంకల్లో పెళ్లయితే ఫొటోగ్రాఫర్ ఏలూరు నుంచో కైకలూరు నుంచో రావాలి. బస్సు దిగి, పడవెక్కి, వచ్చేసరికి సగం తంతు అయిపోతుంది. సొంతవాడు ఊళ్లోనే ఉంటే బయటివాణ్ణి ఎవరు పిలుస్తారని సూర్రావు ఆశ. అది దురాశేం కాదు. మా వృత్తిలో బోర్డులు, కాగితాలు ఎందుకూ పనికిరావు. ఆల్బమే మాట్లాడుతుంది. ఒక ఇంట్లో పెళ్లయితే ఆ ఆల్బమ్ ఊరంతా తిరిగివస్తుంది. అది వెళ్లిన ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒక రోజు కబురొస్తుంది. "ఒక్క పెళ్లి చాలండి గురువుగారండీ. ఒక్క ఆల్బమ్ చేతిలో ఉంటే చాలు" అనేవాడు. ఆ ఒక్కటీ పడితే దుర్గమ్మ షెడ్డు మానేస్తుంది. లెక్క అంత తేలిక.

కోర్సు అయిపోయాక తన దోనె పడవ అమ్మేసి సెకండ్‌హ్యాండ్ కెమెరా ఒకటి కొన్నాడు. నేనే చూసి ఇప్పించాను. మంచి కెమెరా. దోనె అమ్మకండి అని నేను అనలేదు. చెరువులు లేని కొల్లేట్లో దోనె ఏం చేసుకుంటాడని అనుకున్నాను. ఊళ్లో ఒక పెద్దమనిషి తన కూతురి పెళ్లి ఫొటోలు సూర్రావుకే అని అప్పటికే మాటిచ్చాడు. మాఘమాసంలో ముహూర్తం.

నేను చెప్పని పాఠం ఒకటుంది. కొత్త కెమెరా కొంటే మేమంతా మొదటి ఫొటో దేవుడిదో, ఇంట్లో పసిబిడ్డదో తీస్తాం. అది బోణీ. నేను కూడా నా మొదటి కెమెరాతో ద్వారకా తిరుమల వెళ్లి కొండమీద గుడి గోపురం తీశాను. కానీ క్లాసులో ఆ మాట చెప్పడం నాకు నామోషీ అనిపించింది. మాస్టారు మూఢనమ్మకాలు నేర్పుతున్నాడంటారేమోనని మానేశాను.

నేను చెప్పకపోయినా దుర్గమ్మకి తెలుసు. ఆదివారం షెడ్డుకి సెలవు. ఆ రోజున కొల్లేటికోట వెళ్లి పెద్దింట్లమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని, మొదటి ఫొటో అమ్మవారి గుడి ముందు తీయాలని నిర్ణయించుకుంది. అప్పటిదాకా కెమెరాలో రీలు వేయొద్దని చెప్పి, కెమెరాని పసుపుబట్టలో చుట్టి బియ్యం డబ్బా మీద పెట్టింది.

శనివారం పొద్దున్న బాలస్వామి మేష్టారు పోయారు.

బాలస్వామి గారు ఆ ఊరి మిషన్ బడిలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. సూర్రావుకీ, దుర్గమ్మకీ ఆయనే అక్షరాలు దిద్దించారు. వాళ్ల సంఘంలో మనిషి పోతే పెట్టెలో పెట్టాక తలవైపు కాస్త ఎత్తి, గుండెల మీద బైబిల్ ఉంచి, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఫొటో తీయించుకుంటారు. ఆ ఫొటో గోడకి పెట్టుకుంటారు. మేష్టారి కూతురు క్రిస్టినా కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. వాళ్లు పంపించలేదు. కొడుకు ఇమ్మానుయేలు సూర్రావు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అన్నయ్యగారండీ, మీరు కెమెరా కొన్నారంట కదండి. అక్కకి నాన్న మొహం చూపించాలండి. ఏలూరు నుంచి మనిషొచ్చేసరికి పెట్టె మూసేత్తారండి."

సూర్రావు దుర్గమ్మ వైపు చూశాడు. దుర్గమ్మ పసుపుబట్ట విప్పి కెమెరా తీసి అతని చేతికిచ్చింది.

"వెళ్లిరండి. మేష్టారు మనకి చదువు చెప్పారు. కాదనకూడదు" అంది.

ఆ కెమెరాకి అదీ బోణీ.

రెండు రీళ్లు తీశాడు. నాలుగు రోజుల తర్వాత ల్యాబ్‌లో ప్రింట్లు చేయించుకుని తిన్నగా నా స్టూడియోకి తెచ్చాడు. డెబ్బై రెండు ఫొటోల్లో ఒక్కటి కూడా పాడవలేదు. మేష్టారి భార్య అచ్చాయమ్మ గారు పెట్టె అంచు పట్టుకుని భర్త కాలర్ సరిచేస్తున్న ఫొటో ఒకటుంది. నా జన్మలో నేను అలాంటిది తీయలేదు. ఆ మాటే అతనితో అన్నాను. అతని మొహం విప్పారింది. తర్వాత అడిగాను, ఈ కెమెరాతో అంతకుముందు ఏమైనా తీశారా అని.

"లేదండి. ఇదేనండి మొదలు."

నాకు ద్వారకా తిరుమల గోపురం గుర్తొచ్చింది. పైకి మాత్రం "దానికేముందండీ, పనికి బోణీ ఏమిటి" అన్నాను. నవ్వాను కూడా.

మాఘమాసం పెళ్లి దగ్గరపడింది. ఆ పెద్దమనిషి భార్యని వెంటబెట్టుకుని సూర్రావు ఇంటికి వచ్చాడు. దుర్గమ్మకి బొట్టుపెట్టి, శుభలేఖ ఇచ్చి, అరిసెల పొట్లం చేతిలో పెట్టారు. "మీరిద్దరూ తప్పకుండా రావాలండీ. ఇంట్లో మనుషులు మీరు. ఫొటోల సంగతంటారా, మగపెళ్లివారు వాళ్ల మనిషినే తెచ్చుకుంటామని పట్టుబట్టారండీ. కాదనలేకపోయాం. ఏమీ అనుకోకండీ" అన్నాడు. అనుకోవడానికి ఏముంది, నిజమే అనుకున్నాడు సూర్రావు. పెళ్లికి వెళ్లి అక్షింతలు వేసి వచ్చాడు. ఫొటోలు తీసింది కైకలూరు నుంచి ఆడపెళ్లివారే పిలిపించుకున్న మనిషి.

ఆ తర్వాత రెండో పెళ్లివారు "ఈసారికి ఫొటోలు వద్దనుకున్నామండీ" అన్నారు. మూడో ఇంటివాళ్లు "తప్పకుండా కబురు చేస్తామండీ" అన్నారు. ఒక్కరూ గొంతు పెంచలేదు. ఒక్కరూ కాదనలేదు. కొట్టినా ఇంతకంటే నయం. కొట్టినవాణ్ణి తిరిగి ఒక మాట అనవచ్చు. కాఫీ ఇచ్చి, కుర్చీ వేసి, అండీ అండీ అంటూ గుమ్మం దాకా సాగనంపేవాణ్ణి ఏమనాలి?

అసలు సంగతి రొయ్యల షెడ్డు వ్యానులో దుర్గమ్మ చెవిన పడింది. పక్కన కూర్చున్నావిడ నెమ్మదిగా చెప్పింది. "తప్పుగా అనుకోకు వదినా. తాళి కట్టేటప్పుడు పిల్లకి ఎదురుగా ఉండేది ఆ కెమెరాయే కదా. శవానికి తెరిచిన కన్ను. ఏ తల్లి ఒప్పుకుంటుంది చెప్పు?"

దుర్గమ్మ ఆ వారమే కెమెరాని కొల్లేటికోట తీసుకెళ్లి అమ్మవారి దగ్గర పెట్టి, శాంతి చేయించి, బెల్టుకి పసుపుదారం కట్టించింది. ఊళ్లో అందరికీ ప్రసాదం పంచింది. అందరూ కళ్లకద్దుకుని తీసుకున్నారు. పెళ్లికి మాత్రం ఎవరూ పిలవలేదు. "నేనే కదండి కెమెరా తీసిచ్చింది, నా చేతులు పడిపోను" అని నా స్టూడియోలో ఒకసారి ఏడ్చింది. సూర్రావు "ఊరుకోవే, మంచిపనే చేశావు" అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

బాలస్వామి గారి ఫొటోలు మాత్రం ఊరూరా తిరిగాయి. ల్యాబ్‌వాడు రెండు కాపీలు వేశాడు, ఒకటి కువైట్ వెళ్లింది, ఒకటి సంఘంలో చేతులు మారింది. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. ఏప్రిల్‌లో పక్క లంకలో ఒక ముసలావిడ పోతే సూర్రావుకి కబురొచ్చింది. జూన్‌లో రెండు ఇళ్ల నుంచి వచ్చింది. ఆల్బమ్ మాట్లాడుతుందని నేను చెప్పింది అక్షరాలా జరిగింది, అది మాట్లాడిన మాట వేరు. వాళ్ల ఇళ్లలో పెళ్లయితే చర్చిలో వీడియో కావాలి, డిజిటల్ కావాలి, ఏలూరు స్టూడియో కావాలి. చావుకి సూర్రావు చాలు. వెళ్లొద్దని నేను కోప్పడ్డాను. వెళ్లేకొద్దీ ఆ పేరు ఇంకా గట్టిపడుతుందని చెప్పాను.

"కాదంటే ఎలాగండి గురువుగారండీ. గుమ్మంలో నిలబడి ఏడుత్తారండి" అన్నాడు.

సరే, ఆ ఊరు కాకపోతే ఇంకో ఊరు అన్నాను. తాడేపల్లిగూడెంలో నాకు తెలిసిన ఉల్లిపాయల వ్యాపారి ఇంట్లో పెళ్లి కుదిరింది. అక్కడ సూర్రావు ఎవరో, అతని కెమెరా బోణీ ఏమిటో ఎవరికీ తెలియదు. నేను తీసిన పెళ్లి ఆల్బమ్ ఒకటి సంచిలో పెట్టి ఇచ్చాను. "అడిగితే మీరే తీసినట్టు చెప్పండి. నేనేమీ కాదనను" అని నూరిపోసి బస్సెక్కించాను. సాయంత్రానికి తిరిగొచ్చాడు. ఆల్బమ్ వ్యాపారికి బాగా నచ్చిందట. ఈ పెళ్లి ఎక్కడిదండీ అని అడిగాడట.

"మీరేమన్నారు?"

"ఇది మా గురువుగారు తీసిందండి అన్నాను. నేను తీసినవేంటని అడిగారండి. భూస్థాపనలండి అని చెప్పాను."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంత చేతకాని మనిషి ఎందుకు పుట్టాడో అన్నాను. అతను తల వంచుకుని విన్నాడు. ఆఖరికి, "వాళ్ల అమ్మాయి పెళ్లండి. అందులో అబద్ధం చెప్పి నిలబడితే, రేపు ఏమైనా అయితే మన వల్లేనని మనమే అనుకుంటామండి" అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. తన చేయి మంచిది కాదేమోనన్న అనుమానం అతనికీ పట్టుకుంది. ఊరంతా నమ్మింది, చివరికి సూర్రావు కూడా నమ్మడం మొదలుపెట్టాడు. నమ్మనివాణ్ణి నేనొక్కణ్ణే మిగిలానని ఆ రోజు గట్టిగా అనుకున్నాను.

నేను పెళ్లిళ్లకి వెళ్లేటప్పుడు అతన్ని రెండో కెమెరాగా తీసుకెళ్లవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఒకసారి కారులో చోటు లేదు. ఒకసారి పెళ్లివారు నన్ను ఒక్కణ్ణే రమ్మన్నారు. దెందులూరులో పెళ్లికి తీసుకెళ్దామనుకుంటే ఆ పెళ్లికూతురికి లంకల్లో చుట్టాలున్నారు, గుర్తుపడితే గొడవెందుకు అనిపించింది. ప్రతిసారీ ఒక కారణం ఉంది. ప్రతి కారణం నిజమే.

2008లో మా అమ్మాయి చంద్రకళకి సంబంధం కుదిరింది. శ్రావణమాసంలో ముహూర్తం, ఏలూరులోనే కల్యాణ మండపం. ఆ కబురు తెలిసినప్పుడు సూర్రావు నా ఎదురుగానే ఉన్నాడు. ముందు రోజే ఎవరిదో పెట్టె ఫొటో తీసి వచ్చాడు, ప్రింట్లకి రీలు ఇవ్వడానికి. నాకు ఏమనిపించిందో ఏమో, ఆవేశం పట్టలేకపోయాను.

"మా అమ్మాయి పెళ్లిలో తాళి ఫొటో మీరే తీస్తున్నారు సూర్రావు గారూ. మిగతావి డిజిటల్‌వాళ్లు చూసుకుంటారు. తాళి మాత్రం మీదే. ఎవరు అడ్డొస్తారో చూస్తాను. ఆ ఆల్బమ్ మీకే ఇస్తాను, ఊరూరా తిప్పుకోండి" అన్నాను.

అతను చేతిలోని రీలు బల్ల మీద పెట్టాడు. "అమ్మాయిగారి పెళ్లండి. బాగా ఆలోచించుకోండి" అన్నాడు.

"ఆలోచించే చెబుతున్నాను."

పెళ్లి ముందు రోజు మండపానికి వచ్చాడు. పీటలు ఎక్కడ వేస్తారో అడిగి, అడుగులు కొలుచుకున్నాడు. ఎటు నుంచి వెలుతురు వస్తుందో చూసుకున్నాడు. ఫ్లాష్‌లో కొత్త బ్యాటరీలు వేసి నాకు చూపించాడు. పెళ్లిరోజున ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొచ్చాడు. దుర్గమ్మ షెడ్డుకి సెలవు పెట్టి వచ్చింది. మా ఆవిడ నాగరత్నంతో, "ఇవాళ తాళి ఫొటో మా ఆయనేనండి. గురువుగారు మాటిచ్చారు. రేపణ్ణించి షెడ్డుకి రానని మేస్త్రీతో చెప్పేశానండి" అనడం నా చెవులారా విన్నాను.

ముహూర్తం దగ్గరపడింది. జీలకర్ర బెల్లం అయింది. సూర్రావు పీటలకి ఎదురుగా, కొలుచుకున్న చోట మోకాలు ఆనించి కూర్చున్నాడు. పక్కన డిజిటల్ కుర్రాళ్లు టపటపా తీసేస్తున్నారు. అతను ఒక్కటి కూడా తీయలేదు. ఫ్లాష్ దీపం ఎర్రగా వెలుగుతోంది. పురోహితుడు మంగళసూత్రం ఉన్న కొబ్బరికాయని పెద్దల చేత తాకించడానికి పళ్లెంలో పంపాడు. అది నా దగ్గరికొచ్చింది. చెయ్యి ఆనించి తలెత్తి చూశాను. మా అమ్మాయి కూడా తల ఎత్తింది. దాని మొహానికి సూటిగా ఎదురుగా ఆ కెమెరా ఉంది.

నాకు బాలస్వామి మేష్టారి మొహం కనిపించింది. ఆ తర్వాత, ప్రింట్లలో నేను చూసిన మొహాలన్నీ.

వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేశాను.

"సూర్రావు గారూ, భోజనాల హాల్లో ఫొటోలు తీయడానికి ఎవరూ లేరండీ. కాస్త అక్కడికి వెళ్తారా?"

అతను నా వైపు తిరిగాడు. "ఇప్పుడాండి?"

"ఇప్పుడేనండీ. ఏమీ అనుకోకండీ."

ఎంత మర్యాదగా అన్నానో చూడండి. అతను "అలాగేనండి" అని లేచి, కెమెరా చంకలో పెట్టుకుని, జనం మధ్యలోంచి ఎవరికీ తగలకుండా ఒదిగి ఒదిగి వెళ్లిపోయాడు. మేళం గట్టిగా వాయించారు. తాళి కట్టారు. దుర్గమ్మ ఆడవాళ్లలో నిలబడి అక్షింతలు పట్టుకుని భర్త కోసం వెతుకుతూ ఉంది. నేను అటు చూడలేదు.

తాళి కట్టే వేళకి భోజనాల హాల్లో ఎవరుంటారు? అందరూ మండపంలోనే ఉంటారు. ఆ సంగతి నాకు తెలుసు, అతనికీ తెలుసు. సాయంత్రం రీలు నా చేతికిచ్చి, "వత్తానండి" అని భార్యని తీసుకుని వెళ్లిపోయాడు. వారం తర్వాత ప్రింట్లు వేయించాను. మొదటి పన్నెండు ఫొటోలూ ఖాళీ బల్లలు, పరిచిన ఆకులు, నీళ్ల గ్లాసులు. తీయమన్నాను కాబట్టి తీశాడు. అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

ఇన్నాళ్లూ ఆ ఊరివాళ్లని తిట్టాను. మా ఇంట్లో ఎవరూ నన్ను ఆ పని చేయమనలేదు. మా ఆవిడకి బోణీ సంగతే తెలియదు. వియ్యాలవారికి సూర్రావు ఎవరో తెలియదు. ఎనభై ఏళ్ల మా అమ్మ కూడా "పాపం ఆ అబ్బాయి కదలకుండా కూర్చున్నాడు, ఎంత శ్రద్ధో" అంది. చేసింది నేను. ఆ ఊరివాళ్లు ముందే తప్పించుకున్నారు. నేను ఆశపెట్టి, పీటల ముందు కూర్చోబెట్టి, అప్పుడు లేపాను.

డిజిటల్ కుర్రాళ్లు తీసిన తాళి ఫొటో బాగానే వచ్చింది. అందులో వంక పెట్టడానికేమీ లేదు. సూర్రావు మళ్లీ నా స్టూడియో గుమ్మం తొక్కలేదు. ప్రింట్లు వేరే చోట వేయించుకుంటున్నాడని తెలిసింది. దుర్గమ్మ మేస్త్రీని బతిమాలుకుని మళ్లీ వ్యానెక్కిందని కూడా తెలిసింది. క్షమించమని అడగడానికి రెండుసార్లు లంకకి బయల్దేరి, పడవల రేవు దాకా వెళ్లి, ఏం మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక తిరిగొచ్చాను.

తర్వాతి సంవత్సరం వానాకాలంలో మా అమ్మ పోయింది. పొద్దున్నే పోయింది. పది గంటలకి అన్నీ సర్దాక, కదిలించేముందు ఒక ఫొటో తీయించండి అని తమ్ముడు అన్నాడు. ఇంట్లో రెండు కెమెరాలున్నాయి. ఏలూరులో నా శిష్యులు ఐదారుగురు స్టూడియోలు నడుపుతున్నారు. వాళ్లలో ఒక్కరి పేరు కూడా నాకు తట్టలేదు. నా వేళ్లు సూర్రావు నంబరు నొక్కాయి. అవతల అతని గొంతు వినిపించేదాకా ఏం చేస్తున్నానో కూడా తెలియదు.

"అమ్మ పోయిందండీ" అన్నాను.

"వత్తన్నానండి" అన్నాడు.

వానలో బస్సు పట్టుకుని వచ్చాడు. చెప్పులు బయట విప్పాడు. అమ్మ కాళ్లకి దణ్ణం పెట్టాడు. నా దగ్గరకొచ్చి రెండు చేతులూ పట్టుకుని ఒక్క క్షణం అలాగే ఉన్నాడు. తర్వాత అతను కిటికీ తలుపు ఒకటి మూయించి, వెలుతురు సరిచూసుకుని, తమ్ముణ్ణీ, మరదల్నీ, మా ఆవిడనీ, చంద్రకళనీ ఒక్కొక్కళ్లనీ నెమ్మదిగా చెప్పి నిలబెట్టాడు. నేను వెనక గోడ దగ్గర నిలబడిపోయాను.

"గురువుగారండీ, మీరు అక్కడున్నారేంటండి. పెద్దకొడుకు కదండి. ఇలా ముందుకి రండి" అన్నాడు.

వెళ్లి అమ్మ తల దగ్గర నిలబడ్డాను. అతను కెమెరా కన్నుకి ఆనించుకుని, "ఇటు చూడండి" అన్నాడు. నేను చూడలేకపోయాను.